ఎత్తంటే భయం ఉన్నవాడు స్ట్రక్చరల్ స్టీలు పనిలోకి రావచ్చా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఐటీఐ ఫిట్టరు పూర్తయింది, ఊరు పలాస దగ్గర. వరసకు బావయ్యే ఒకతను చెన్నై పక్కన ఒరగడంలో స్టీలు షెడ్లు నిలబెట్టే ఎరెక్షన్ పనిలో ఉన్నాడు, వచ్చెయ్ నేర్పిస్తానంటున్నాడు. తనకేమో ఎత్తంటే భయం, ఇంట్లో అమ్మ వద్దంటోంది. ఈ పని తను నేర్చుకోగలడా, ఇందులో బతుకుందా అని.

రా తమ్ముడూ. నేర్చుకోగలవు, బతుకూ ఉంది. ఎత్తంటే భయం ఉండటం ఈ పనికి అడ్డు కాదు. నువ్వు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ బావ ఏ మేస్త్రీ కింద చేస్తున్నాడు, ఆ ముఠా పని ఏ పద్ధతిలో చేస్తుంది. నేను బొబ్బిలి వైపు నుంచి చెన్నై వచ్చి హెల్పరుగా మొదలై, బరువులు కట్టి లేపించే రిగ్గరై, ఫిట్టరై, ఇప్పుడు ఎరెక్షన్ సూపర్వైజరుగా ఉన్నాను. శ్రీపెరుంబుదూరు, ఒరగడం, ఇరుంగాట్టుకోట్టై, ఎన్నూరు అన్నీ తిరిగాను. నేను చూసినంతలో మనిషిని పనిమంతుణ్ని చేసేదీ, సాయంత్రం క్షేమంగా క్యాంపుకు చేర్చేదీ ముఠాయే. ధైర్యం దాని తర్వాతి మాట.

స్లాబులకు, పిల్లర్లకు కమ్మీ వంచి కట్టుతీగతో కట్టే పని వేరు, అది బార్ బెండింగ్. మనది ఫ్యాక్టరీలో తయారై లారీల్లో వచ్చిన కాలమ్‌లు, రాఫ్టర్లు (కప్పును మోసే బీములు), బీములను క్రేనుతో లేపి, బోల్టులతో కలిపి, నిటారుగా ఉన్నాయో లేదో తూకం చూసి నిలబెట్టే పని. మీ బావ చేసేది ఏదో ముందు కనుక్కో. ఫిట్టరు చదివినవాడికి రెండోదే సరిగ్గా పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ డ్రాయింగు చదవగలిగినవాడు రెండేళ్లు తిరిగేసరికి ముందుకెళ్లిపోతాడు.

భయం సంగతి. కొత్తవాణ్ని ఏ మంచి మేస్త్రీ కూడా మొదటి వారమే పైకెక్కించడు. ఎక్కించాడంటే ఆ ముఠా వదిలేసి వచ్చెయ్, అంతే. మొదటి కొన్ని నెలలు కిందే ఉంటావు. లారీ దించడం, ప్రతి ముక్క మీద ఉండే మార్కు నంబరు డ్రాయింగుతో సరిచూసి ఏ లైనుకు ఏది వెళ్లాలో వరసగా పేర్చడం, బోల్టులు సైజు ప్రకారం వేరుచేయడం, బరువు లేపే తాడు, అంటే స్లింగు, కట్టడం, గైడు తాడు పట్టుకుని గాల్లో ఉన్న రాఫ్టరు తిరిగిపోకుండా చూసుకోవడం. ఈ పనంతా చూస్తూ చేస్తూ ఉంటే పైన ఏం జరుగుతుందో నీకు అర్థమవుతుంది, అర్థమైన కొద్దీ భయం దానంతటదే అదుపులోకి వస్తుంది. ఇప్పుడు పెద్ద సైట్లలో మనిషిని పైకెత్తే బూమ్ లిఫ్టులు, సిజర్ లిఫ్టులు ఉంటాయి కాబట్టి బీము మీద నడవాల్సిన అవసరం కూడా బాగా తగ్గింది.

అయితే భయం వేరు, కళ్లు తిరగడం వేరు. పైకెక్కి కిందకు చూస్తే గుండె దడదడలాడటం అందరికీ ఉంటుంది. కానీ తల తిరగడం, ఫిట్స్, అదుపులో లేని బీపీ ఉంటే మాత్రం ఎత్తు పని చేయకూడదు. పద్ధతైన సైట్లలో పైకి పంపే ముందు డాక్టరు పరీక్ష చేయిస్తారు. అక్కడ నిజం దాచొద్దు. మా ముఠాలో సోంపేట కుర్రాడు ఒకడుండేవాడు, నిచ్చెన మీద నాలుగు మెట్లెక్కితే చెమటలు పట్టి చేతులు వదిలేసేవాడు. వాణ్ని బలవంతపెట్టకుండా గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో మార్కింగు పనికి పెట్టించాం. ఇప్పుడు వాడు గీసిన లైను మీద ప్లేటు కోస్తే, ఇక్కడ సైట్లో రంధ్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. స్టీలు పనిలో సగం నేల మీదే జరుగుతుంది, ఆ దారి నీకూ ఉంది.

సేఫ్టీ బెల్టు ఉంది కదా అనే ధీమా చాలదు. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఎవరూ చెప్పరు. బెల్టంటే నడుముకు కట్టుకునేది కాదు, ఒంటికంతా పట్టే హార్నెస్ కావాలి. దానికి రెండు కొక్కేలు ఉండాలి. ఒకటి తీసే ముందు రెండోది తగిలించాలి, ఒక్క క్షణం కూడా రెండూ ఊడి ఉండకూడదు. ఇక లెక్క చూడు. హార్నెస్‌ను కొక్కేనికి కలిపే తాడు, అంటే లాన్యార్డు, మామూలుగా 1.8 మీటర్లు. పడినప్పుడు దాని షాక్ అబ్జార్బరు కుట్లు విప్పుకుంటూ ఇంకో 1.75 మీటర్ల దాకా సాగుతుంది. వీపు మీది రింగు నుంచి నీ పాదాల దాకా మీటరున్నర. చివర్లో ఒక మీటరు జాగా ఉంచుకోవాలి. అన్నీ కలిపితే కొక్కెం తగిలించిన చోటు నుంచి కింద అడ్డేమీ లేకుండా 6 మీటర్లకు పైనే ఉండాలి. మెజనైన్ ఫ్లోరు (షెడ్డు లోపల మధ్యలో వేసే అంతస్తు) పనిలో నాలుగున్నర మీటర్ల ఎత్తులో బీము మీద నిలబడి, కాళ్ల దగ్గర కొక్కెం వేసుకున్నవాడికి ఆ షాక్ అబ్జార్బరు పూర్తిగా విప్పుకునేలోపే నేల తగలొచ్చు. అలాంటి చోట కొక్కెం తలపైన ఉండాలి, లేదా వెనక్కి చుట్టుకునే ఫాల్ అరెస్టరు బ్లాకు వాడాలి, అదీ లేకపోతే బూమ్ లిఫ్టు తెప్పించమని అడగాలి.

కొక్కెం దేనికి వేస్తున్నావన్నది కూడా చూసుకో. సగం బోల్టులు పెట్టిన పర్లిన్ (కప్పు రేకులను మోసే సన్న పట్టె), పర్లిన్లను కలిపే శాగ్ రాడ్డు, కేబుల్ ట్రే, ఇవేవీ మనిషిని ఆపవు. బిగించిన మెయిన్ బీము గానీ, దాని కోసమే లాగి కట్టిన వైర్ రోప్ లైఫ్‌లైన్ గానీ అయి ఉండాలి. ఇంకోటి, బెల్టు ఆపాక మనిషి వేలాడుతూ ఉంటాడు కదా, అలా కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పడినవాణ్ని దించడం ఎలాగో పని మొదలు కాకముందే ముఠాకు తెలిసి ఉండాలి. "పడితే ఎలా దించుతారు?" అని మేస్త్రీని అడుగు. జవాబు వెంటనే వచ్చిందంటే మంచి మేస్త్రీ.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, నేను ముఠా ముఠా అని ఎందుకంటున్నానో. మనిషి జారిపడటం ఒక ప్రమాదం. మనిషి నిలబడ్డ స్టీలే కూలిపోవడం ఇంకో రకం, అందులో బెల్టు ఉన్నా లాభం లేదు, ఎందుకంటే కొక్కెం వేసిన బీమే కిందకొస్తుంది. 2025 సెప్టెంబరు 30న ఎన్నూరు థర్మల్ ప్రాజెక్టులో కడుతున్న స్టీలు ఆర్చి కూలి 9 మంది వలస కార్మికులు చనిపోయారు. ఇంటి దగ్గర అమ్మ భయపడుతోందంటే ఇలాంటి వార్తలు విని భయపడుతోంది, ఆ భయం తప్పు కాదు.

షెడ్డు పూర్తయ్యాక ఎంత గట్టిదో, కట్టేటప్పుడు అంత బలహీనం. రెండు కాలమ్‌లు నిలబెట్టి మధ్యలో రాఫ్టరు పెడితే అది చూడటానికి ద్వారంలా నిక్కచ్చిగా ఉంటుంది, కానీ పక్కకు దానికి పట్టేమీ లేదు. అడ్డపట్టెలు లేని మంచం కోళ్లలా అటూ ఇటూ ఊగుతుంది. అందుకే డ్రాయింగులో క్రాస్ బ్రేసింగ్ (ఊగకుండా ఏటవాలుగా వేసే అడ్డకట్లు) ఉన్న బే, అంటే రెండు ఫ్రేముల మధ్య గది, ఏదో చూసి, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ నాలుగు కాలమ్‌లు, రెండు రాఫ్టర్లు, మధ్యలో పర్లిన్లు, గోడకూ కప్పుకూ బ్రేసింగ్, అన్నీ పెట్టి, తూకం చూసి, బిగించాకే రెండో బేకు వెళ్లాలి. ఆ గట్టి పెట్టెకు ఆనుకునే మిగతా షెడ్డంతా పెరుగుతుంది. తొందరపడే ముఠాలు ఏం చేస్తాయంటే, క్రేను అద్దె మీటరు తిరుగుతోంది కదా అని ముందు కాలమ్‌లు, రాఫ్టర్లు అన్నీ వరసగా లేపేసి, "బ్రేసింగ్ తర్వాత చూసుకుందాం" అంటాయి. ఆ మాట వినిపించిన సైట్లో పైకెక్కొద్దు.

అలాగే క్రేను హుక్కు వదిలే ముందు ప్రతి జాయింటులో కనీసం రెండు బోల్టులు పానాతో బిగించి ఉండాలి, చేత్తో తిప్పి వదిలేసినవి లెక్కలోకి రావు. కాలమ్ కింద పునాదిలో పాతిన నాలుగు యాంకర్ బోల్టుల నట్లూ ఎక్కాలి. మొదటి బే గట్టిపడేదాకా కాలమ్‌లకు వైర్ రోప్ గైలు కట్టి నేలకు లాగాలి. గై కట్టడానికి అరగంట పడుతుంది, ఆ అరగంట మీద ఎవరైనా విసుక్కుంటే మేస్త్రీ నోరెత్తాలి. మీ బావ మేస్త్రీ నోరెత్తుతాడా?

చెన్నైలో ఇది ఇంకా ముఖ్యం. డిజైనుకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం మన దేశ నిర్మాణ కోడ్ ప్రకారం చెన్నైకి సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకు 33. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇక్కడి షెడ్డు మీద పడే తోపు అక్కడి కన్నా రెండు రెట్లకు పైనే. హోసకోటె, నెలమంగల వైపు పని చేసి వచ్చిన ముఠాలు అక్కడ నడిచిన అలవాటుతో ఇక్కడ గైలు తగ్గించడం నేను చూశాను, గొడవపడి కట్టించాను కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. 2016 డిసెంబరు 12న వర్దా చెన్నై దగ్గరే తీరం దాటింది. దానికి ముందు రోజు మా సైట్లో కొత్తగా ఒక్క ముక్క కూడా లేపలేదు. ఉన్నవాటికి బ్రేసింగ్ పూర్తి చేశాం, అదనపు గైలు లాగాం, కప్పు మీదికెక్కించిన షీట్ల కట్టలన్నీ కిందకు దించేశాం. ఆ షీట్లు గాల్లోకి లేస్తే కత్తులే. తుపాను పోయాక వచ్చి చూస్తే ఫ్రేము అంగుళం కదల్లేదు. ఆ రోజు కూలీ పోయిందని సణిగినవాళ్లే మర్నాడు మేస్త్రీకి టీ తెచ్చిచ్చారు.

ఫిట్టరువి కాబట్టి నీకు నచ్చే సంగతులు కొన్ని. 20 ఎంఎం బోల్టుకు రంధ్రం 22 ఎంఎం, అంటే నీకు దొరికే ఆట రెండే మిల్లీమీటర్లు. స్టీలు వేడికి సాగుతుంది, 60 మీటర్ల లైను 30 డిగ్రీలు వేడెక్కితే 21 మిల్లీమీటర్లకు పైగా. మే నెల మధ్యాహ్నం రెండింటికి కాలమ్‌లను కలిపే చివరి టై బీము రంధ్రాలు ఎంత లాగినా కలవవు. కొత్తవాళ్లు సుత్తితో బాదుతారు, లేదా గ్యాస్ కట్టరు తెచ్చి రంధ్రం పెద్దది చేసేస్తారు, రెండోది పెద్ద తప్పు, ఆ జాయింటు బలం పోయినట్టే. నిదానం తెలిసిన ఫిట్టరు దాన్ని రెండు బోల్టులతో, గైతో భద్రంగా వదిలేసి, మర్నాడు తెల్లవారి ఎండ ఎక్కక ముందే వస్తాడు. పానా వెనకుండే సన్నటి తోక రంధ్రంలో దూర్చి కాస్త నొక్కితే ప్లేట్లు సర్దుకుని, పక్క రంధ్రంలో బోల్టు దానంతటదే జారిపోతుంది. కాలమ్ తూకం, లైను కూడా ఉదయం పూటే చూడాలి, ఎండ ఒక పక్క పడితే ఆ పక్క సాగి కాలమ్ వంగినట్టు కనిపిస్తుంది. ఇంకా, రంధ్రాలు కలిశాయా లేదా అని వేలు పెట్టి ఎప్పుడూ చూడకు. బీము ఒక్క సెంటీమీటరు కదిలితే వేలు అందులోనే ఉండిపోతుంది. ఈ పనిలో అలా వేలు పోయినవాళ్లు ఉన్నారు.

స్లింగు లెక్క కూడా మొదట్లోనే ఒంటబట్టించుకో. రెండు కాళ్ల స్లింగుతో 2 టన్నులు లేపుతుంటే, స్లింగు అడ్డానికి 60 డిగ్రీలుంటే ఒక్కో కాలు మీద సుమారు 1.15 టన్నులు పడుతుంది. 45కు దిగితే 1.4. 30కి దిగితే ఒక్కో కాలూ పూర్తి 2 టన్నులు మోస్తుంది. పొట్టి స్లింగుతో పొడవాటి బీము లేపడం అంటే అదే. బరువు తెలుసుకోవడం కష్టమేం కాదు, ప్లేటు మందం మిల్లీమీటర్లలో తీసుకుని 7.85తో గుణిస్తే చదరపు మీటరుకు కిలోలు వస్తాయి. 300 ఐఎస్ఎంబీ (300 ఎంఎం ఎత్తున్న ఐ ఆకారపు బీము) అయితే మీటరుకు 44 కిలోల పైమాటే, 12 మీటర్ల ముక్క అరటన్ను దాటుతుంది. ఈ లెక్క నోటికి చెప్పగలిగే హెల్పరును ఏ మేస్త్రీ వదులుకోడు.

క్రేను ఆపరేటరు తమిళుడై ఉంటాడు, రిగ్గరు ఒడిశా నుంచో బిహారు నుంచో వచ్చి ఉంటాడు, నువ్వు తెలుగు. తలా ఒక భాషలో అరిస్తే బరువు ఎటు పోతుందో తెలియదు. సైగలు ఒక్క మనిషే చేయాలి, చేతులతో చేయాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపరేటరు ఆపాలి. ఆ చేతి సైగలు మొదటి రెండు రోజుల్లో నేర్చుకో.

వెల్డింగు గురించి కొంచెం. ఎరెక్షన్‌లో ఎక్కువ బోల్టులే, అయినా 3జీ, 4జీ పొజిషన్లు, అంటే నిలువు వెల్డింగు, తలపైన వెల్డింగు, నేర్చుకుని టెస్టు పాసైతే నీ రేటు మారిపోతుంది. 7018 రకం వెల్డింగు రాడ్డు వాడేటప్పుడు చెన్నై ఉప్పుగాలి తేమ గుర్తుపెట్టుకో. పెట్టె తెరిచి పక్కన పడేసిన రాడ్డు తేమ పీల్చుకుంటుంది, వెల్డు పైకి నున్నగానే ఉంటుంది, లోపల పగులు వస్తుంది. ఓవెన్‌లో, మామూలుగా 300 డిగ్రీల పైన కాల్చి, వేడి డబ్బాలో ఉంచుకుని ఒక్కోటి తీసి వాడాలి. జింకు పూత ఉన్న పర్లిన్ మీద వెల్డింగు చేస్తే ఆ పొగకు సాయంత్రం చలిజ్వరం వస్తుంది. బెల్లం తింటే పోతుందని అందరూ చెప్తారు, బెల్లం ఊపిరితిత్తుల్లోకి వెళ్లదు తమ్ముడూ. పూత గీకేసి, పొగ మొహానికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి, మాస్కు పెట్టుకుని చేయాలి.

డబ్బుల సంగతి. రేటు ముఠాను బట్టి, పనిని బట్టి మారుతుంది కాబట్టి అంకె చెప్పను, ఏం అడగాలో చెప్తాను. రోజు కూలీయా, టన్ను లెక్కా? టన్ను లెక్కయితే సంపాదన ఎక్కువ కనిపిస్తుంది, తొందరా ఎక్కువే, కొత్తవాడికి అది మంచిది కాదు. కాబట్టి మొదటి ఏడాది రోజు కూలీ మీదే ఉండు. ఓటీకి రెట్టింపు ఇవ్వాలన్నది చట్టం. వాన పడి పని ఆగిన రోజు తిండి ఖర్చు ఎవరిది? సెటిల్మెంటు నెలకా, పని అయిపోయాకా? పని అయిపోయాక అంటే వద్దను. నాకు తెలిసిన ఒక ముఠాకు ఒక కాంట్రాక్టరు మూడు సైట్లు దాటినా పాత బాకీ తీర్చలేదు, వాళ్లు ఆ బాకీ కోసమే అతని వెంట తిరుగుతూ ఉండిపోయారు. ఇంటికి అడ్వాన్సు తీసుకుని రావొద్దు, అది తీసుకున్నాక పైకెక్కనని చెప్పే నోరు నీకుండదు.

పీఎఫ్ నంబరు, నెల జీతం 21,000 లోపయితే ఈఎస్ఐ కార్డు, ఈ రెండూ నీ చేతిలో ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు నిర్మాణ కార్మికులకు సంక్షేమ బోర్డు ఉంది, కట్టేవాళ్లు నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు కట్టేది దానికే, అందులో పేరు రాయించుకో. అన్నిటికన్నా ముందు సైటు గేటు దగ్గర మస్టరులో నీ పూర్తి పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు ఎక్కించుకున్నాకే లోపలికి వెళ్లు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు, అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే. ఊళ్లో మనవాళ్లకు మనం ఏ సైట్లో ఉన్నామో తెలిసి ఉండాలి. సైటు మారిన రోజే అమ్మకు ఫోన్ చేసి చెప్పు.

పాస్‌పోర్టు ఇప్పుడే తీయించుకో. నాలుగైదేళ్ల అనుభవం, వెల్డింగో రిగ్గింగో సర్టిఫికెట్టు చేతికొచ్చాక గల్ఫ్ వైపు దారులుంటాయి, అప్పుడు కూడా ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లాలి.

ఎప్పుడు రావాలంటే, సంక్రాంతి చేసుకుని రా. వానలు వెనకబడతాయి, నేల ఆరి క్రేన్లు తిరుగుతాయి, పండక్కి వెళ్లినవాళ్లతో ముఠాలు మళ్లీ కూడేదీ అప్పుడే, ఎండలు ముదిరేలోపు నేల మీది పనంతా నీ చేతికొస్తుంది. ఈలోగా మీ బావకు ఫోన్ చేసి మూడు అడుగు: బ్రేసింగ్ బే ముందు కడతారా, రెండు కొక్కేల హార్నెస్ కంపెనీ ఇస్తుందా మనమే కొనుక్కోవాలా, డబ్బులు నెల నెలా వస్తాయా. అతను ఏం చెప్పాడో రాయి, ఆ ముఠాలో చేరాలో వద్దో అప్పుడు చూసి చెప్తాను.